కొబ్బరి పిందెకు నాలుగు చేతులు

ఇన్నాళ్ళూ ఇది ఎందుకు రాయలేదంటే నాకు రాయడం రాదు కనక. అక్షరాలు వచ్చేసరికి అరవై దాటాయి. అక్షరాలు వచ్చాక చూస్తే అవి కంటికి ఆనలేదు. కళ్ళజోడు వచ్చాక, అది పెట్టుకుని కూర్చోగానే ఇంట్లో వాళ్ళంతా చుట్టూ చేరి ఏం రాస్తున్నావని అడిగేవారు. వాళ్ళకి జవాబు చెప్పేలోగా రాయాలనుకున్నది మరిచిపోయేదాన్ని. ఇప్పుడు మా మనవరాలు తలుపు దగ్గరగా వేసి, "నువ్వు రాసుకో మామ్మా, తప్పులు నేను దిద్దనులే" అంది. ఆ మాటతో ధైర్యం వచ్చింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో అనుమానం వచ్చినచోట రెండు పెట్టాను. అచ్చువేసేవాళ్ళు ఒకటి తీసేసుకుంటారు.

ఈ మనవరాలు టెక్కలి కాలేజీలో చదువుతోంది. మొన్న సెలవులకి వస్తూ అక్కడి నుంచి ఒక పెట్టె అడిగి తెచ్చుకుంది. దాన్నిండా రంగురంగుల గుండ్లు, వాటిని ఒకదానికొకటి తగిలించడానికి చిన్న చిన్న పుల్లలు. నేను గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. మనవరాలు ఒక నల్ల గుండుకి నాలుగు తెల్ల గుండ్లు తగిలించి పుస్తకంలో బొమ్మతో పోల్చుకుంటోంది. "అది బీల గాలి కదే" అన్నాను. పిల్ల నా వైపు చూసింది. "మీథేన్ మామ్మా. నీకెలా తెలుసు?" అంది. నాకు అ ఆలు రాకముందే బొగ్గుకి నాలుగు చేతులని తెలుసు. ఎలా తెలుసో చెబుతుంటే పిల్ల మంచం మీద దొర్లి నవ్వింది, అది రాయమని పట్టుబట్టింది. అందుకని రాస్తున్నాను.

మా ఊరు మందసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానం ఇసకలో ఉంది. ఇంటికి ముందు కొబ్బరి, వెనక జీడిమామిడి, పక్కన పనస. ఏ కాలంలోనైనా ఇంట్లో ఏదో ఒక వాసన ఉండేది. నీళ్ళలో నానేసిన కొబ్బరి పీచు కుళ్ళిన వాసన ఒకటి, జీడిగింజలు కాలిస్తే కళ్ళు మండించే పొగ ఒకటి, ఈ రెండూ లేనప్పుడు మా నానమ్మ చుట్ట వాసన. నానమ్మది అడ్డచుట్ట. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. నోట్లో నిప్పు ఉండగానే కోడళ్ళకి పని చెప్పేది, నూకలు చెరిగేది, కోడిపిల్లల్ని అదిలించేది. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి మాట్లాడిందంటే ఎవరో పోయారనో, పోబోతున్నారనో అర్థం.

సూరి బావ మా మేనత్త కొడుకు. మేనత్త, ఆవిడ భర్త ఇద్దరూ చిన్నప్పుడే పోతే మా ఇంట్లోనే పెరిగాడు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. విజయనగరంలో ఉండి కాలేజీ చదువు చదివేవాడు. మంచివాడు, కానీ అబద్ధం ఆడటం చేతకాదు. పక్కింటివాళ్ళు మజ్జిగ అడగడానికి వస్తే, అమ్మ లోపలి నుంచి లేదని చెప్పమంటే, "లేదని సెప్పమంది" అని చెప్పేవాడు. అలాంటివాడు ఆ ఏడు రసాయన శాస్త్రంలో తప్పాడు. అందులోనే ఇంకోసారి పరీక్ష రాసే వీలుందన్నారు. తాత ఒక్కటే మాట చెప్పాడు. "ఈపాలి కూడా తప్పితే పుత్తకాలు అటక మీద. ఆ మర్నాటికాడ్నించి తోటలో కాయలు దింపించుకో." బావ తోటలో కాయలు దింపించడం అందరం చూసిందే. చెట్టు నీడన పుస్తకం తెరిచేవాడు, లెక్క మరిచేవాడు, నిద్రపోయేవాడు, ఒకసారి మీద కాయ పడబోయింది. నాకు వేరే భయం కూడా ఉంది. అతను ఇంట్లో ఉండిపోతే ఆ చదివిందంతా రోజూ నాకే చెబుతాడు. ఇంట్లో వినే ఓపిక ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. పైగా పెద్దవాళ్ళు నన్ను అతనికే ఇవ్వాలనుకుంటున్నారు. అంటే జన్మంతా వినాలి.

అతను తప్పడానికి కారణం ఒక ఆకారం. బొగ్గులో ఉండే కార్బను అనే దానికి నాలుగు చేతులుంటాయట. హైడ్రోజనుకి ఒక్కటే చెయ్యి. ఆక్సిజనుకి రెండు. వీళ్ళంతా ఒకరి చేతులొకరు పట్టుకుంటేనే లోకంలో ఏ వస్తువైనా నిలుస్తుందట. ఇంతవరకూ నాకు ఇబ్బంది లేకుండానే అర్థమైంది. నానమ్మకి మాత్రం ఈ సంబంధాలు నచ్చలేదు. "నలుగురు ఒంటిసేతోళ్ళు ఒక్కదాన్ని పట్టుకున్నారేటి? ఆల్లకి ఎవురూ బుద్ది సెప్పనేదా?" అని అడిగింది. బావకి వచ్చిన చిక్కు వేరు. ఆ నాలుగు చేతులు ఎటెటు చాచి ఉంటాయో రాయమంటే ముగ్గులో గీతల్లా తూర్పుకొకటి, పడమరకొకటి, ఉత్తరానికి, దక్షిణానికి గీశాడు. అలా కాదని అక్కడి మాస్టారు గీత కొట్టారు. నాలుగూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి, కానీ నేల మీద పరిచినట్టు ఉండకూడదు. అదెలాగో బావకి ఎంత ఆలోచించినా తట్టలేదు. అన్నం ముందు కూర్చుని నాలుగు వేళ్ళు విరుచుకుని చూసుకునేవాడు. అమ్మ అతని చేతికి వాతం చేసిందనుకుని ఆముదం రాసింది.

ఆ ఆకారం అతనికి దొరికింది కాలి మడమలో. ఒక రోజు తోటలోంచి చదువుకుంటూ ఇసకలో నడిచి వస్తూ పల్లేరుకాయ తొక్కాడు. మా ఇసకలో పల్లేరుకాయ తొక్కనివాడు లేడు. తొక్కినవాడు ముందు ఒక తిట్టు తిడతాడు, తర్వాత దాన్ని పీకి పారేస్తాడు. బావ కూలబడి దాన్ని పీకి అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. విసిరాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ విసిరాడు. నేను దగ్గరికెళ్ళి, "నొప్పి పుడతందా బావా?" అన్నాను. "సూడవే, ఎటు పడేసినా ఒక ముల్లు పైకే ఉంటంది. మిగిలినివి కింద కాళ్ళలాగ. అదీ సంగతి. బేగి ఎల్లి నిమ్మకాయలు పట్రా" అన్నాడు. మడమలోంచి రక్తం కారుతోంది, మొహం వెలిగిపోతోంది.

అప్పటికి నానమ్మ మందసలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళి ఉంది. ఆవిడ ఉంటే ఇదంతా జరిగేది కాదు. బావ రాలిన కొబ్బరి పిందె ఒకటి తెచ్చి, కార్బను నల్లగా ఉండాలని దానికి అట్లపెనం మసి పూశాడు. చీపుర్లోంచి నాలుగు ఈనెలు లాగి పిందెకి గుచ్చి, ఈనె చివర ఒక్కో నిమ్మకాయ గుచ్చాడు. నేల మీద పెడితే మూడు నిమ్మకాయల మీద బుద్ధిగా కూర్చుంది, నాలుగోది పైకి చూస్తోంది. ఎటు దొర్లించినా అలాగే. పొయ్యికి మూడు రాళ్ళు, పైన కుండ ఉన్నట్టు. ఇది బీలలోంచి బుడగలుగా వచ్చే గాలి అని చెప్పాడు. బీల అంటే మా వైపు ఎప్పుడూ తడి ఆరని చిత్తడి నేల. తర్వాత నీళ్ళు తయారుచేశాడు. దానికి ఆక్సిజను ఎర్రగా ఉండాలని ఇంకో పిందెకి నానమ్మ భరిణెలోని కుంకుమ పూశాడు. పరీక్షకి వెళ్ళేలోగా ఇల్లంతా ఇవే. దూలానికి దారంతో ఒకటి వేలాడేది, గాదె మీద ఒకటి, గుమ్మం పక్కన ఒకటి. చీపురు సగం అయింది. పెరట్లో నిమ్మచెట్టు బోసిపోయింది. చదవడం రాని నేను అతని ఎదురుగా కూర్చుని, అతను కళ్ళు మూసుకుని చెబుతుంటే, నిమ్మకాయలు చూసి అవునో కాదో చెప్పేదాన్ని. అతను మరి తప్పడని నాకు నమ్మకం కుదిరింది.

మర్నాడు పొద్దున్న బావ బండి మీద పలాస వెళ్ళి రైలెక్కాలి, ఆ మర్నాడు పరీక్ష. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం నానమ్మ మందస నుంచి తిరిగొచ్చింది. నెత్తి మీద మూటతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గుమ్మం పక్కన మసి పూసిన కొబ్బరి పిందె, గుచ్చిన నిమ్మకాయలు. లోపల దూలానికి కుంకుమ పూసిన పిందె. మా వైపు పగవాడి ఇంటి మీద చిల్లంగి చేయించాలంటే సరిగ్గా ఈ సామానే కావాలి. నానమ్మ అరవలేదు. చుట్ట నోట్లోంచి తీసింది.

"ఇది ఎవులెట్టినారే?" అంది.

"నానే అమ్మమ్మా" అన్నాడు బావ, సంతోషంగా ముందుకొచ్చి.

"ఏటిది?"

ఆటబొమ్మ అంటే అయిపోయేది. బావ అలా అనడు కదా. "బీలలో బుడగలొత్తాయి సూడు, అందులో ఉన్నది ఇదే. నిప్పు తగిలితే బగ్గుమంటాది. కొరివిదెయ్యమని మీరనేది దీన్నే" అన్నాడు.

నానమ్మ చేతిలో చుట్టని నేలకేసి నలిపి ఆర్పేసింది. మా ఇంట్లో ఆవిడ చుట్ట మధ్యలో ఆర్పడం ఎవరూ చూసి ఎరగరు. గుమ్మం బయటే ఇసకలో కూర్చుని, "ఈ గుంటడు కొరివిదెయ్యాన్ని కట్టి ఇంట్లో ఎట్టినాడు. దాలయ్యని పిలవండి" అంది.

దాలయ్య మా ఊరి మంత్రగాడు. వేపమండతో వచ్చాడు. ఆ పిందెకి బారెడు దూరంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "బీలలోదే. సందేహం నేదు. ఎంతమందున్నారు ఇందులో?" అన్నాడు.

"అయిదుగురు" అన్నాడు బావ. నేను అతని చెయ్యి గిల్లాను. "కాదేటి, పిందెతో కలిపితే అయిదే కదా" అని నా మీద విసుక్కున్నాడు.

"అయిదుగురుని కట్టినోడు తొమ్మిదిరోజులు పొలిమేర దాటకూడదు. దాటితే ఎనకాలే ఎల్తాయి" అని తేల్చాడు దాలయ్య.

బావ మొహం వాడిపోయింది. "తాతా, ఎల్లుండి పరీచ్చ" అన్నాడు. తాత అప్పుడే మంచం మీద కూర్చుని చెంబుతో మజ్జిగ తాగుతున్నాడు. "పరీచ్చకి దెయ్యాల్ని ఎంటేసుకుని ఎల్తావేటి? పోన్లేరా. కాయలు దింపించుకుందువులే" అన్నాడు. ఆ మాట కోపంగా అనుంటే బాగుండేది. జాలిగా అన్నాడు. బావ అరుగు మీద కూలబడ్డాడు. అతన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. ఏదైనా చెప్పమంటే చెప్పడం ఆపనివాడు, ఒక్క మాట లేకుండా కూర్చున్నాడు.

నానమ్మ నన్ను పిలిచింది. "నువ్వు పక్కనే ఉన్నావు కదే గుంటా. ఏటి సేసినాడో సెప్పు." నేను అతను చెప్పిన మాటలే చెప్పాను. దానికి ఉన్నవి నాలుగు చేతులే. ఆ నాలుగూ నాలుగు నిమ్మకాయల్ని పట్టుకునే ఉంటాయి. ఇంక ఖాళీ లేదు. నానమ్మ నలుగురు కోడళ్ళని ఏలిన మనిషి. రెండు చేతులకీ పని ఉన్న కోడలు ఎవరి జోలికీ పోదని ఆవిడ నమ్మకం. "సేతులు ఖాళీ నేకపోతే అదెవుర్నేటి సేస్తాది? దాని పని దానికే సరిపోద్ది" అంది. దాలయ్య కూడా అది న్యాయమే అన్నట్టు తల ఊపాడు. బావ లేచి నిలబడ్డాడు.

"ఉండండి, లెక్కెడతాను" అని నానమ్మ లోపలికొచ్చి, గుమ్మం పక్కనున్న దాని ముందు వంగి చూపుడువేలితో లెక్కపెట్టింది. నిమ్మకాయలు మూడే ఉన్నాయి. నాలుగో ఈనె ఉత్తిదే. అది తిన్నగా తాత మంచం వైపు చూస్తోంది. తాత కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"నాలుగోది ఏదే?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "నిమ్మకాయా అత్తా? సెట్టుకి ఒక్కటీ నేదని, అందులోంచి ఒకటి లాగి మావయ్యగారి మజ్జిగలో పిండీసినాను."

తాత చెంబు కింద పెట్టాడు. అది ఖాళీ చెంబు.

ఇక్కడ బావ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అతనికి చదువు గుర్తొచ్చింది. "అమ్మో, అలగ ఉండకూడదు. ఒక సెయ్యి ఖాళీగా ఉంటే అది ఊరుకోదు. దొరికినోడ్ని పట్టీసుకుంటాది" అన్నాడు. తాత మంచం మీంచి ఆ పక్కకి దిగిపోయాడు. దాలయ్య వేపమండ నానమ్మ చేతిలో పెట్టి వాకిట్లోకి నడిచాడు.

"ఒరే, ఆ సేతిలో ఏదో ఒకటి ఎట్టరా" అంది నానమ్మ. నిమ్మకాయ లేదు. అమ్మ ఉల్లిపాయ ఇచ్చింది. బావ గుచ్చాడు. గుచ్చి, "ఇప్పుడిది బీల గాలి కాదమ్మమ్మా" అన్నాడు. మరేటి అని నానమ్మ. ఉల్లిపాయ పెట్టిన చోట క్లోరిన్ అనేది ఉన్నట్టు, దానికీ ఒకే చెయ్యి, అది మూడుచోట్ల చేరితే ఆస్పత్రిలో కోసేటప్పుడు వాసన చూపించే మత్తుమందు అవుతుందని, అడిగిన దానికీ అడగని దానికీ చెప్పాడు. నానమ్మ వింటూ వింటూ తల ఎత్తింది. "మూడెడితే ఇది నిద్దరోతాదా?"

"ఇది నిద్దరోదు, మనుసుల్ని నిద్దర పుచ్చుతాది."

"దాన్ని అదే వాసన సూసుకోదేటి? ఎట్టు మూడూ" అంది.

మూడు ఉల్లిపాయలు, ఒక నిమ్మకాయ. ఈలోగా దాలయ్య వాకిట్లోంచి తొంగి చూశాడు. అంతకుముందు ఏడు బరంపురం ఆస్పత్రిలో దాలయ్యకి తొడ మీద కురుపు కోశారు. మత్తుమందు ఇచ్చారని, ప్రపంచమే లేకుండా పోయిందని ఊళ్ళో చెప్పనిచోటు లేదు. మత్తుమందు అన్న మాట వినగానే దగ్గరికొచ్చాడు. వంగి ఒక ఉల్లిపాయని వాసన చూశాడు. అలాగే మెల్లగా గోడకి జారబడి కూర్చున్నాడు. "ఇదే వాసన" అన్నాడు నీరసంగా. "సరిగ్గా ఇదే. నాకు తల తిరుగుతంది. కుర్రోడు సదువుకున్నాడు." అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి తేరుకున్నాక, తొమ్మిదిరోజుల మాట వెనక్కి తీసుకున్నాడు. దెయ్యం పడుకుంది కనక బావ వెళ్ళొచ్చు. అయితే పొలిమేర దాటేలోగా శకునం బాగుండాలి. ఒక్క చెడు శకునం ఎదురైనా బండి తిప్పేయాలి. తాత సరేనన్నాడు. బండి తనే తోలుకెళ్తానన్నాడు.

ఆ పరీక్షలో ఏమడిగారో నాకు తెలియదు. బావ ప్యాసయ్యాడు, ఆ తర్వాత నాకు మొగుడయ్యాడు, బడిలో మాస్టారయ్యాడు. నాకు అక్షరాలు నేర్పడానికి రెండుసార్లు కూర్చున్నాడు. మొదటిసారి 'అ' ఎందుకు అన్ని వంకరలు తిరిగిందని అడిగాను. దాని మీంచి నీళ్ళలో ఆక్సిజను చేతులు ఎందుకు వంకరగా ఉంటాయన్న దానికి వెళ్ళిపోయాడు. రెండోసారి ఆ నీళ్ళ సంగతి పూర్తి చేశాడు. అక్షరాలు అక్కడే ఆగిపోయాయి. మా మనవరాలి గుండ్లు చాలా బాగున్నాయి. కుళ్ళవు, చీమలు పట్టవు, మజ్జిగలో పిండుకోవడానికి పనికిరావు. పని అయిపోతే పెట్టెలో పెట్టేస్తుంది. వాటిని చూసి మా ఇంట్లో ఎవరూ భయపడలేదు, బాగానే ఉంది. కానీ ఇదేమిటని కూడా ఎవరూ అడగలేదు. వాళ్ళ నాన్న మార్కులెన్నని అడిగాడు, అంతే. మా నానమ్మ చుట్ట ఆర్పి, నడుం వంచి, వేలు పెట్టి చేతులు లెక్కపెట్టింది. అంత శ్రద్ధగా ఆ చదువుని ఇంకెవరైనా చూశారా అనిపిస్తుంది.

దాలయ్య వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న నేను అందరికంటే ముందే లేచాను. మా ఊళ్ళో శకునాల్ని నమ్ముకోవడానికి లేదు. కట్టెలమోపు వాళ్ళు ఎదురొస్తారు, నూనె అమ్మేవాడు వస్తాడు, పిల్లులకి లెక్కే లేదు. మంచి శకునం ఏమిటంటే నిండు కడవతో ఆడపిల్ల ఎదురురావడం. అది వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటే ఎలా? తోటలోని నేలబావిలో కడవ ముంచుకుని, బండి వాకిలి దాటగానే ఎదురెళ్ళాను. తాత "మంచిదమ్మా" అన్నాడు. బండి మలుపు తిరగ్గానే కొబ్బరి చెట్ల మధ్య నుంచి అడ్డదారిన పరిగెత్తి, జీడితోట చివర మళ్ళీ ఎదురయ్యాను. దారిలో ఒక పిల్లి కనిపిస్తే దాన్ని నీళ్ళు జల్లి తరిమి, ఇంకో బావిలో కడవ నింపుకున్నాను. పొలిమేర రాయి దగ్గరికి వచ్చేసరికి కాళ్ళ నిండా పల్లేరుకాయలు, రొప్పుతున్నాను, పరికిణీ తడిసి ఇసక అంటింది. అయినా కడవ నిండుగానే ఉంది. మెల్లగా, ఆ బండిని అప్పుడే చూస్తున్నదానిలా ఎదురు నడిచాను. తాతకి అప్పటికి చూపు బాగా మందగించింది. నా వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "శకునం మా బాగుందిరా సూరీ. ఊళ్ళో ఆడగుంటలందరూ నీల్లకే బయల్దేరినారు" అన్నాడు.

అబద్ధం ఆడలేనివాడు వెనక కూర్చుని ఉన్నాడు. నేను నెత్తి మీద కడవతో కదలకుండా నిలబడ్డాను. బావ నన్ను చూశాడు, నా కాళ్ళు చూశాడు. ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకుని తల వంచేసుకున్నాడు. బండి పొలిమేర దాటింది.